చిమ్మిలి బాగుందని చెప్పినందుకు

ఎవరింట్లోనైనా ఏదైనా తిన్న తరవాత ‘ఎలా ఉంది?’ అని అడిగితే నిజం చెప్పండి. నేను చెప్పలేదు. బాగుందన్నాను. ఆ ఒక్క మాటకి నన్ను విశాఖపట్నం పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళడానికి చోడవరం బస్టాండు దాకా నడిపించేరు, చంకలో దుప్పటి మడతతో సహా.

రెండేళ్ళయింది. ఇప్పుడు చెయ్యి వణక్కుండా రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇలాంటిదే తగిలినవాడెవడైనా చదివితే వాడికి రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఆ భయం తగ్గుతుంది. రెండోది, ఎడ్ల సామాను పెట్టే గూట్లో చెయ్యి పెట్టకూడదు.

1974, చెరుకు కోతల రోజులు. మంగళవారం

నాకప్పుడు ఇరవై రెండు. బీకాం పాసయ్యేను. పాసయ్యేక ఏం చెయ్యాలో యూనివర్సిటీ వాళ్ళు చెప్పలేదు గనక టైపు నేర్చుకుంటున్నాను. నాన్నగారు చోడవరంలో గుమస్తా. ఆయన అన్నగారు, మా పెదనాన్న, గోవాడకి రెండు మైళ్ళ అవతల పల్లెలో చెరుకు పండిస్తారు. ఆ రోజు పెదనాన్న చెప్పులు కుట్టించి సైకిలు మీద పట్టుకెళ్ళేను. ఆయన లేరు. చెరుకు బళ్ళతో పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళేరు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ముందు బళ్ళు బారులు తీరితే రెండేసి రోజులు మనిషీ ఎద్దూ అక్కడే తిని అక్కడే పడుకోవడం.

పెద్దమ్మ పెరట్లో బట్టలుతుకుతోంది.

“ఎవులది?”

“నేనే పెద్దమ్మా, సత్తిబాబుని. చెప్పులు తెచ్చేను.”

“ఎండనపడి వచ్చేవు, గూట్లో ఉన్నాయి తిని ఎళ్ళు నాయనా!”

ఆవిడ చెప్పింది వంటింటి గూడు. అందులో అరటిపళ్ళున్నాయట. నేను నిలబడ్డది సావిట్లో. నా కంటికెదురుగా ఒక గూడుంది, అందులో ఎడ్ల గంటలు, చెర్నాకోల, పక్కన ఒక రేకు డబ్బా. డబ్బాలో నల్లటి ఉండలు, నువ్వులద్ది, బెల్లం వాసనతో. ఇంతకంటే చిమ్మిలి ఎలా ఉంటుంది? ఒకటి నోట్లో వేసుకున్నాను.

చేదు. మిరియాల ఘాటు. అడుగున పచ్చి గడ్డి వాసన.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి ఒక మాట చెప్పాలి. బంగారంలాంటి మనిషి. వంట మాత్రం చెయ్యకూడదు. ఆవిడ పాకం పడితే పొయ్యికే జాలేస్తుంది. కానీ ముప్పై ఏళ్ళుగా మా వంశంలో ఒక్కరూ ఆవిడ ముందు ‘బాగులేదు’ అనలేదు. తింటాం, బాగుందంటాం, ఇంటికొచ్చి వాము నములుతాం. తద్దినాలైనా మర్చిపోతాం గానీ ఈ ఆచారం తప్పం. కాబట్టి ఆ చేదు నాకు ఆశ్చర్యమనిపించలేదు. పైగా ఒకటే తింటే నచ్చలేదనుకుంటుందని రెండోదీ తిన్నాను.

“బాగున్నాయి పెద్దమ్మా!” అని అరిచి సైకిలెక్కేను.

సాయంత్రం టైపు క్లాసులో కూర్చున్నాను. ఏ కొట్టేను. ఎస్ దగ్గరికి వేలు బయల్దేరింది. అది వెళ్ళే దారిలో నేను నా చిన్నతనమంతా ఒకసారి తిరిగొచ్చేను; వచ్చి చూస్తే వేలింకా దారిలోనే ఉంది. వేలు నాదేనా అని అనుమానం వచ్చింది. గుండె మిషను కంటే గట్టిగా కొట్టుకుంటోంది. నోట్లో తడి లేదు. వరస చివర గంట మోగితే నా పుర్రెలో మోగినట్టనిపించి లేచి నిలబడ్డాను.

ఇల్లు మూడు వీధుల అవతల. ఎన్నేళ్ళు నడిచేనో గుర్తు లేదు.

“అమ్మా, నేను చచ్చిపోతన్నాను.”

“చచ్చేముందు కాళ్ళు కడుక్కో,” అంది అమ్మ, చేట దించకుండా. ఆవిడ తప్పు లేదు. అంతకు ముందు వారమే నేను గుమ్మంలో పడి చచ్చినట్టు నటించి, ఆవిడ కెవ్వుమన్నాక లేచి కాఫీ అడిగేను. అబద్ధానికి పరువుంటుంది గానీ, వేళాకోళం చేసేవాడి చావుకి పరువుండదు.

నిజంగానే చచ్చిపోయేనని కాసేపటికి తేల్చుకున్నాను. ఒకటే బాధ, ఎవరూ ఏడవడం లేదు. అంతలో నాన్నగారు ఆఫీసు నించి వచ్చేరు. గొడుగు మూసి మూలన పెట్టేరు. ఆ గొడుగు నాన్నగారిలాగే నిలబడింది. అంతే, నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, కడుపు పట్టుకుపోతోంది, లోపల భయంతో చస్తున్నాను, పైకి నవ్వుతున్నాను.

చచ్చిపోతన్నానంటే కంగారు పడని ఇల్లు నేను నవ్వేసరికి గడ్డకట్టింది. అమ్మ చేతిలో చేట కింద పడింది. నాన్నగారు గోడ పట్టుకున్నారు.

“సూరీ కూడా ఇలాగే...” అన్నారు.

సూరిబాబు మా బాబాయి, నాన్నగారి తమ్ముడు. పెదనాన్నగారింట్లోనే ఉండి వ్యవసాయం చూసేవాడు. ఎనిమిదేళ్ళ కిందట చెరుకు కోతల్లోనే ఒకరోజు నవ్వడం మొదలెట్టి ఆపలేదట. తరవాత ఎవరో తనని చంపుతారన్నాడు. భూతవైద్యం అయింది, మందులయ్యేయి, చివరికి విశాఖపట్నంలో చేర్పించేరు. ఇంకా అక్కడే ఉన్నాడు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఆ సాయంత్రం ఎత్తేరు.

బుధవారం

నిద్రపోలేదు. కళ్ళు మూస్తే గోడలు దగ్గరికొచ్చేవి, తెరిస్తే అమ్మ ముఖం దగ్గరికొచ్చేది. తెల్లారేసరికి నవ్వు పోయింది, భయం మిగిలింది. ఆ భయానికి పేరు సూరిబాబు బాబాయి. ఇది మా రక్తంలో ఉంది, నా వంతు వచ్చింది, అని నాకు రూఢి అయిపోయింది.

పొద్దున్నే బజారులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళేరు. వరండాలో రెండు బల్లలు. నా పక్కన ఒక ముసలమ్మ, మోకాలికి ఆవపిండి కట్టు. నేను వణుకుతుంటే నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, సొంత మనవడి చెయ్యిలాగ. తన వంతు వచ్చినప్పుడు “ముందు ఈ గుంటడ్ని సూడండమ్మా, నా మోకాలు ఎక్కడికీ పారిపోదు,” అంది. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు. ఆ రెండు రోజుల్లో నేను గాల్లో తేలిపోకుండా నేల మీద పట్టుకున్నది ఆ చెయ్యే.

డాక్టరమ్మ చిన్నావిడ, కృష్ణా జిల్లా మనిషి. శ్రద్ధగానే అడిగింది.

“నిన్న ఏం తిన్నారండీ?”

“ఇంట్లో అన్నం. మధ్యాహ్నం మా పెద్దమ్మ చేసిన చిమ్మిలి.”

“రుచి ఏమైనా తేడాగా ఉందా? చేదుగా గాని, వగరుగా గాని?”

చూడండి, ఎంత మంచి ప్రశ్నో. ప్రపంచంలో ఆ పూట అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, ఆవిడ అదే అడిగింది. నా వెనకాల నాన్నగారు నిలబడి ఉన్నారు. వదినగారంటే ఆయనకి తల్లి తరవాత తల్లి. పిచ్చెక్కిపోతున్నాను, చచ్చిపోయేనో లేదో తెలీడం లేదు, నా చేతులు నావో కావో తెలీదు, కానీ ఆచారం మాత్రం పదిలంగా ఉంది.

“బాగుందండీ,” అన్నాను.

“మా వదినగారి చెయ్యి అలాంటిదండి,” అన్నారు నాన్నగారు.

డాక్టరమ్మ తినడం గురించి ఇంక అడగలేదు. “ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా...?” అంది. నాన్నగారు కిందకి చూసి బాబాయి సంగతి చెప్పేరు. చెప్పడానికి ఆయనకి పట్టిన సేపు నాకు గుర్తుంది. నా తలలో సాగిన కాలం కాదు, నిజంగానే అంతసేపు పట్టింది. ఆవిడ ఒక సూది ఇచ్చింది, రేపటికి తగ్గకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళమని ఉత్తరం రాసిచ్చింది. ఆ ఉత్తరం నాన్నగారి జేబులోంచి సగం బయటికి కనబడుతూ ఇంటిదాకా వచ్చింది.

సాయంత్రం అమ్మా నాన్నగారూ దెబ్బలాడుకున్నారు. మా ఇంట్లో దెబ్బలాట అంటే గొంతు తగ్గించి మాట్లాడుకోవడం.

“నా కొడుకుని అక్కడ పెట్టనివ్వను. సూరిని పెట్టేరు, ఏటైంది?”

“పెట్టకపోతే ఏటవుతుందో నీకు తెలుసా?”

“మీకు తెలుసా?”

ఇద్దరికీ తెలీదు. అమ్మ నా దుప్పటి ఉతికి ఆరేసింది. పిచ్చాసుపత్రికైనా ఉతికిన దుప్పటితోనే వెళ్ళాలి మరి.

గురువారం

పొద్దున్నే బస్టాండు. ఒంట్లో అప్పటికి చాలా తగ్గింది. చేతులు తిరిగి నావే అయ్యేయి. కానీ గుండె ఉండి ఉండి పరిగెత్తేది, మనుషులు గాజు పలక వెనక నిలబడి మాట్లాడుతున్నట్టుండేది. తగ్గిందని చెప్తే, వెళ్ళడం తప్పించుకోవడానికి చెప్తున్నాననుకుంటారు. చెప్పకపోతే బస్సు ఎక్కిస్తారు. నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకోవడం చూసి అమ్మకి భయం రెట్టింపైంది.

బస్సొచ్చింది. నాన్నగారు నా భుజం మీద చెయ్యేసేరు. ఒక కాలు మెట్టు మీద పెట్టేను.

“నడిపిబాబూ! ఓ నడిపిబాబూ! ఆగండి!”

బజారంతా వినబడేలా కేక, నాన్నగారి కోసం. చూస్తే, పెదనాన్నగారి బండి. ఖాళీ బండి, ఎడ్లు నురుగులు కక్కుతున్నాయి. పైన అప్పన్న. అప్పన్న నలభై ఏళ్ళుగా మా వాళ్ళ బండి తోలుతున్నాడు, అరవై దాటిన మనిషి. బండి ఆగకముందే దూకి నా దగ్గరికొచ్చి, నాన్నగారిని వదిలేసి నా గెడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసేడు.

“సత్తిబాబూ, నిజం సెప్పు. నా ఎడ్ల ఉండలు తిన్నావేటి?”

బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టేరు.

“ఏం ఉండలు?” అన్నారు నాన్నగారు.

“ఎడ్లకి పొట్టుబ్బితే పెడతాను బాబూ, అలుపుకి పెడతాను. సావిట్లో గూట్లో రేకు డబ్బా. రాత్రి పంచదార పేట్రీ కాణ్ణించొచ్చి సూస్తే రెండు తగ్గేయి. ఎలక తిందా అంటే మూత ఏసుంది. అమ్మగోర్నడిగితే సత్తిబాబొచ్చి చిమ్మిలి బాగుందని అరిసెళ్ళేడంది. నాను చిమ్మిలి సెయ్యలేదే అని అప్పుడు మల్లీ ఆవిడే అంది. ఈ గుంటడికి ఒంట్లో బాగులేదని పాలోడు సెప్పేడు. ఇంకేటుంది, బండి కట్టేను.”

“అందులో ఏముంది అప్పన్నా?”

“గంజాయాకు బాబూ.”

నాన్నగారు మెట్టు మీద కూర్చుండిపోయేరు. కండక్టరు “ఎక్కుతారా, ఎక్కరా?” అని అడిగేడు. అమ్మ నా చంకలో దుప్పటి మడత లాక్కుని కండక్టరు మీదే విసిరికొట్టింది.

నాకు నవ్వు రాలేదు. రెండు రోజుల్లో నవ్వాల్సిన చోటు అదొక్కటే, రాలేదు. అప్పన్న భుజం మీద వాలిపోయేను. చెమట కంపు, చెరుకు కంపు. అంత బాగుండే వాసన మళ్ళీ చూడలేదు.

ఎడ్లబండి మీదే అందరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేం. ఆవిడ అప్పన్నని కుర్చీలో కూర్చోపెట్టి, ఎలా చేస్తావో చెప్పమంది.

“ఆకు ఎండబెట్టి, నేతిలో సన్నసెగ మీద ఏపుతానమ్మా. బెల్లం, నువ్వులు, మిరియాలు.”

“నెయ్యా? ఎద్దుకి?”

“నా ఎడ్లకి నెయ్యి లేకండా పెడతానేటి?”

డాక్టరమ్మ తల పట్టుకుంది. తరవాత మందుచీటీ వెనక ఒక పేరు రాసి నాకిచ్చింది: టెట్రాహైడ్రోకెనబినాల్. చీటీ చివరిదాకా వచ్చింది పేరు. గంజాయిలో మనిషిని తిప్పేసేది ముఖ్యంగా అదేనట. పొగ తాగితే వెంటనే ఎక్కి కొద్ది గంటల్లో దిగుతుంది. నీళ్ళలో కరగదు, నేతిలో కరుగుతుంది. నేతిలో తింటే నింపాదిగా వస్తుంది, వచ్చేక చుట్టంలాగ ఉండిపోతుంది. పైగా ఒంట్లో కొవ్వులో దాక్కుని కొంచెం కొంచెంగా పోతుంది. పదేళ్ళ కిందటే దాన్ని విడదీసి పట్టుకుని, ఎలా ఉంటుందో తేల్చేరట.

“మా తాత కాలం నించీ ఎడ్లకి పెడతన్నాం, దానికి పేరు ఇప్పుడెట్టేరా?” అన్నాడు అప్పన్న.

“మీరు తిన్నది రెండు ఎడ్లకి సరిపోయే మోతాదు,” అంది డాక్టరమ్మ నాతో. “భయం వల్ల ఇంకో రెండు ఎడ్లంత అయింది. మీకు పిచ్చి లేదు. కాని, రుచి ఎలా ఉందని అడిగాను కదండీ?”

“చేదుగా ఉందండీ.”

“మరి బాగుందన్నారు?”

నేను నాన్నగారి వైపు చూసేను. ఆయన గోడ మీద కేలండరు చూస్తున్నారు.

అక్కడితో అయిపోతే ఇది నలుగురిలో చెప్పుకుని నవ్వుకునే కథ అయ్యేది. అప్పన్న లేస్తూ, ఏదో మామూలు మాట అన్నట్టు అన్నాడు:

“సిన్నబాబుకీ ఇదే అలవాటు. పేట్రీ కాడ బళ్ళు కదలకపోతే, ఎడ్లకి పెట్టినప్పుడల్లా తనూ ఓటి నోట్లో ఏసుకునేవోడు. ఆ ఏడు మరీ రోజూ. నాను వొద్దన్నాను, వినలేదు.”

సిన్నబాబంటే సూరిబాబు బాబాయి.

నాన్నగారి గొంతు నేనెప్పుడూ వినని గొంతు.

“ఎప్పుడూ చెప్పలేదేం, అప్పన్నా?”

“ఎవులడిగేరు బాబూ? బూతవైద్యుడ్ని అడిగేరు. డాట్రుల్ని అడిగేరు. బండోడ్ని ఎవులడుగుతారు?”

నాన్నగారు డాక్టరమ్మ వైపు తిరిగేరు. దాని వల్లేనా అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. “ఎనిమిదేళ్ళ జబ్బుకి అదొక్కటే కారణమని నేను చెప్పలేనండి. కొందరిలో అది తలుపు తీస్తుంది. తీసేక ఏమవుతుందో మనిషిని బట్టి. అప్పుడే తెలిసుంటే వైద్యం వేరుగా ఉండేదేమో. ఉండకపోనూ వచ్చు.”

నాన్నగారు జేబులోంచి ఆ ఉత్తరం తీసి చింపబోయి, ఆగి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

తరవాతి నెల

ఇంట్లో ఎవరికి ఏ దెబ్బ తగిలిందో చెప్పాలంటే, పెద్దమ్మకి తగిలింది గంజాయి గురించి కాదు. “ఇన్నేళ్ళుగా నా నెయ్యి ఎక్కడికెళ్తందా అనుకున్నాను!” అని అప్పన్నతో వారం మాట్లాడలేదు. అప్పన్న ఉండలు చెయ్యడం మానేడు. ఎడ్లకి దిగులుగా ఉందని ఇప్పటికీ అంటాడు.

నాకు తగ్గడానికి నెల పట్టింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. సంగతి తెలిసిపోయేక కూడా భయం పోలేదు. టైపు మిషను గంట మోగితే గుండె జారేది. పెద్దగా నవ్వితే మధ్యలో ఆపి, ఆగిందా లేదా అని చూసుకునేవాణ్ణి. జోకేసి నవ్వకుండా కూర్చునే నన్ను చూసి స్నేహితులు నాకు పెద్దరికం వచ్చిందనుకున్నారు. డాక్టరమ్మ ఒకటే చెప్పింది: “వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు ‘ఇది ఎద్దుది, నాది కాదు’ అనుకోండి.” వినడానికి వెటకారంలా ఉంది గానీ పనిచేసింది. మొదట రోజుకి పదిసార్లు అనుకున్నాను, తరవాత నాలుగు, తరవాత ఎప్పుడు మానేసేనో గుర్తు లేదు.

నాన్నగారికి మాత్రం తగ్గలేదు. ఒక ఆదివారం, చొక్కా వేసుకుని నిలబడి, “విశాఖపట్నం వెళ్దాం, వస్తావా?” అన్నారు. ఏడాదికోసారి ఆయనొక్కరే వెళ్ళొచ్చేవారు, వచ్చి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఈసారి పెద్దమ్మ ఒక పొట్లం ఇచ్చింది. చిమ్మిలి. నిజం చిమ్మిలి.

అదే బస్సు, అదే కండక్టరు. నన్ను చూసి నా చేతుల్లో దుప్పటి లేదని నిర్ధారించుకుని టిక్కెట్టిచ్చేడు.

చూడవచ్చినవాళ్ళు కూర్చునే వరండా చోడవరం ఆసుపత్రి వరండాలాగే ఉంది, బల్లలు ఎక్కువ, మాటలు తక్కువ. బాబాయిని తీసుకొచ్చేరు. నలభై లేవు, జుట్టు నెరిసిపోయింది. నాన్నగారి ముక్కే. కూర్చుని నేలకేసి చూసేడు. ఎలా ఉన్నావురా అంటే తలూపేడు. ఎనిమిదేళ్ళుగా అంతేనట, తలూపడం.

నేను పొట్లం విప్పి ఒక ఉండ ఆయన చేతిలో పెట్టేను. చాలాసేపు చూసేడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత మొట్టమొదటిసారి తలెత్తి నాకేసి చూసి, నెమ్మదిగా అడిగేడు.

“ఇది మనదా? ఎద్దుదా?”

నేను, ఏ మాటకైనా ఎదురుమాట జేబులో పెట్టుకు తిరిగే వాణ్ణి, పొట్లం మొత్తం ఆయన ఒళ్ళో పెట్టేను.

“మనదే బాబాయ్,” అన్నాను. “పెద్దమ్మ చేసింది.”

బాబాయి దాన్ని రెండుగా విరిచేడు. సగం నాన్నగారికి అందించేడు. ఇద్దరూ నమిలేరు. నువ్వులు మాడి, ఉండ రాయిలా ఉంది, నమిలే చప్పుడు నాకు వినబడుతోంది. బాబాయి అన్నగారి ముఖంలోకి చూసేడు.

“ఎలగుందన్నియ్యా?”

నాన్నగారు మింగలేక మింగేరు. ముప్పై ఏళ్ళ ఆచారం ఆయన గొంతులో అడ్డం పడటం నేను చూసేను.

“బాగులేదురా సూరీ,” అన్నారు. “ఎప్పుడూ బాగులేదు.”

బాబాయి నవ్వేడు. భుజాలు ఊగేలా, కళ్ళంట నీళ్ళొచ్చేలా, అవతలి బల్లల మీద వాళ్ళు తిరిగి చూసేలా నవ్వేడు. ఈసారి మాలో ఎవరం గోడ పట్టుకోలేదు.